తనంతట తాను సాగే చార్టు: గోదావరి నీటిమట్టం ఉదాహరణగా

స్ప్రెడ్‌షీట్‌లో కొత్త వరస చేరిన వెంటనే దాన్ని కూడా కలుపుకుని మళ్లీ గీసుకునే చార్టును డైనమిక్ చార్టు అంటారు. ఒకసారి సరిగా అమర్చుకుంటే ఆ తర్వాత అంకె వేయడమే పని, గీత దానంతట అదే ముందుకు సాగుతుంది. ఎక్సెల్, గూగుల్ షీట్స్, లిబ్రేఆఫీస్ కాల్క్ మూడింటిలోనూ ఇది సాధ్యమే కానీ దారులు వేరు. రోజుకో ధర, గంటకో రీడింగు, నెలకో జమాఖర్చు చొప్పున పెరుగుతూ పోయే లెక్క ఎక్కడుంటే అక్కడ దీని అవసరం ఉంటుంది. కోనసీమ జిల్లా ఆలమూరు లాంటి నదీతీర మండలానికి ఆ అవసరం జూలై, ఆగస్టు నెలల్లో గోదావరి రూపంలో వస్తుంది. అందుకే ఈ వ్యాసానికి ధవళేశ్వరం నీటిమట్టమే ప్రధాన ఉదాహరణ.

ఆలమూరుకు ఎగువన పుట్టే అంకెలు

ఆలమూరు మండలం గౌతమీ గోదావరికి తూర్పు గట్టున ఉంది. ఎగువన ధవళేశ్వరం. అక్కడ 1847 నుంచి 1852 వరకు ఆర్థర్ కాటన్ కట్టించిన ఆనకట్ట ఉండేది. ఇప్పుడున్న బ్యారేజీ దాని స్థానంలో వచ్చింది. బ్యారేజీ దగ్గర నది గౌతమి, వసిష్ఠ పాయలుగా విడిపోతుంది. మండలంలోని జొన్నాడ దగ్గర జాతీయ రహదారి గౌతమిని దాటి రావులపాలెం చేరుతుంది. బడుగువానిలంక లాంటి లంక గ్రామాలకు బ్యారేజీ నుంచి ఎంత నీరు వదులుతున్నారన్నదే వరద రోజుల్లో అన్నిటికంటే పెద్ద వార్త.

ధవళేశ్వరం దగ్గర మట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది. ప్రవాహం లెక్కన ఇవి దాదాపు 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షల క్యూసెక్కులు. భద్రాచలంలో ఇవే హెచ్చరికలు 43, 48, 53 అడుగుల దగ్గర వస్తాయి. 1986 ఆగస్టు వరదలో భద్రాచలం వద్ద నీరు 75.6 అడుగులకు చేరింది, ధవళేశ్వరం నుంచి 35 లక్షల క్యూసెక్కులకు పైగా కిందికి పోయింది. 2022 జూలైలో భద్రాచలంలో 71 అడుగులు దాటింది, ధవళేశ్వరంలో ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు మించింది.

వరద రోజుల్లో ఈ అంకెలు విడివిడిగా వస్తాయి. కాళేశ్వరం, పేరూరు, దుమ్ముగూడెం, భద్రాచలం, కూనవరం, కుంట, పోలవరం, రాజమహేంద్రవరం పాత రైలు వంతెన అంటూ గేజి పేరు, పక్కన మట్టం రాసిన జాబితా పత్రికల్లోనూ ఫోన్లలోనూ తిరుగుతూనే ఉంటుంది. కానీ 12.4 అడుగులు అన్న ఒక్క అంకె అసలు ప్రశ్నకు జవాబు చెప్పదు. నీరు ఎక్కుతోందా, నిలకడగా ఉందా, తగ్గుముఖం పట్టిందా? ఎక్కుతుంటే గంటకు ఎంత? పశువులను గట్టు మీదికి తోలాలా, మోటారు విప్పి తేవాలా, కోతకొచ్చిన అరటి గెలలను ముందే దింపాలా అన్న నిర్ణయాలన్నీ ఈ జవాబు మీదే ఆధారపడతాయి. జవాబు ఇచ్చేది గీత. అడ్డంగా కాలం, నిలువుగా మట్టం పెట్టి గీసిన ఆ గీతను ఇంజనీర్లు హైడ్రోగ్రాఫ్ అంటారు. 1958లో ఢిల్లీ దగ్గర యమున మీద వరద అంచనాలు మొదలుపెట్టిన కేంద్ర జలసంఘం ఇప్పుడు తన గేజి కేంద్రాల హైడ్రోగ్రాఫ్‌లను వెబ్‌లో చూపిస్తోంది. కొత్త రీడింగు చేరిన కొద్దీ ఆ గీత పొడుగవుతుంది.

ఆ పనినే సొంత షీటులో, మనకు కావలసిన గేజీలతో, మన హెచ్చరిక గీతలతో చేసుకోవచ్చు. అధికారుల హెచ్చరికకు అది బదులు కాదు. ఆ హెచ్చరిక ఏ వేగంతో వస్తోందో తెలుసుకునే సాధనం మాత్రమే.

చార్టు ఎందుకు ఆగిపోతుంది

చార్టుకు అంకెలతో పరిచయం లేదు, సెల్ చిరునామాలే తెలుసు. ఎక్సెల్‌లో ఒక గీత మీద నొక్కి పైనున్న ఫార్ములా పట్టీ చూస్తే సిరీస్ అనే ఫంక్షన్ కనిపిస్తుంది. అందులో శీర్షిక ఏ సెల్‌లో ఉందో, సమయాలు ఏ రేంజిలో ఉన్నాయో, మట్టాలు ఏ రేంజిలో ఉన్నాయో రాసి ఉంటుంది. రీడింగులు 2వ వరస నుంచి 25వ వరస దాకా ఉన్నప్పుడు చార్టు గీస్తే అక్కడ 2, 25 అన్న సంఖ్యలే స్థిరపడతాయి. 18వ వరసలోని అంకె దిద్దితే గీత వెంటనే మారుతుంది. 26వ వరసలో కొత్త రీడింగు వేస్తే మాత్రం ఏమీ జరగదు. చాలామందిని తికమక పెట్టేది ఈ తేడాయే. దిద్దుబాట్లు కనిపిస్తున్నాయి కాబట్టి చార్టు బాగానే పనిచేస్తోందనుకుంటారు, గీత మాత్రం నిన్న సాయంత్రం దగ్గరే ఆగిపోయి ఉంటుంది. వరదలో ఇది ప్రమాదకరం. ఆగిపోయిన గీత నిలకడగా ఉన్న నీటిలా కనిపిస్తుంది.

దిద్దగానే మారడం అన్న గుణం స్ప్రెడ్‌షీట్‌తో పాటే పుట్టింది. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ తెచ్చిన విజీకాల్క్‌లో ఒక అంకె మారిస్తే దాని మీద ఆధారపడిన లెక్కలన్నీ మారేవి, కానీ అందులో చార్టు లేదు. 1983లో వచ్చిన లోటస్ 1-2-3 లెక్కనూ గ్రాఫునూ ఒకే ప్రోగ్రాంలో కలిపింది. దాని విజయానికి ఇదొక ముఖ్య కారణం. 1786లో విలియం ప్లేఫెయిర్ ఇంగ్లండు వాణిజ్య లెక్కలను గీతలుగా అచ్చు వేసినప్పటి నుంచి కొత్త ఏడాది అంకె వస్తే కొత్త బొమ్మ గీయాల్సి వచ్చేది. లోటస్‌తో ఆ శ్రమ పోయింది. కానీ పెరిగే జాబితా సమస్య అలాగే మిగిలింది. రేంజి ఎక్కడిదాకా అన్నది ప్రతిసారీ మనిషే చెప్పాలి. ఎక్సెల్ 2003లో లిస్ట్ అన్న పేరుతో, 2007లో టేబుల్ అన్న పూర్తి రూపంతో ఈ చిక్కు తీరింది.

టేబుల్: అన్నిటికంటే తేలికైన దారి

ఎక్సెల్ వాడేవారు మొదట చేయాల్సింది ఇదే, తొంభై శాతం అవసరాలకు ఇదే చాలు అని ధైర్యంగా చెప్పవచ్చు. సమయం, మట్టం, ప్రవాహం అన్న శీర్షికల కింద ఉన్న రీడింగుల్లో ఏదో ఒక సెల్ మీద ఉండి కంట్రోల్ కీతో పాటు టి నొక్కాలి. శీర్షికలు ఉన్నాయా అని అడుగుతుంది, ఉన్నాయని చెప్పాలి. ఆ జాబితా ఇప్పుడు టేబుల్ అయింది, దానికొక పేరు ఉంటుంది, కింది కుడి మూలన చిన్న గుర్తు కనిపిస్తుంది. ఈ టేబుల్ కాలమ్‌ల మీద గీసిన చార్టు టేబుల్‌తో పాటు పెరుగుతుంది. చివరి వరసకు సరిగ్గా కింద కొత్త సమయం టైపు చేసి ఎంటర్ కొట్టగానే టేబుల్ ఒక వరస కిందికి జరుగుతుంది, చార్టు మరో చుక్క దగ్గరకు సాగుతుంది. చార్టు వేరే షీటులో ఉన్నా ఇంతే.

ఇది ఆగిపోయే సందర్భాలు కొన్ని ఉన్నాయి. మధ్యలో ఒక వరస ఖాళీ వదిలి కింద రాస్తే టేబుల్ దాన్ని తనలో చేర్చుకోదు. టేబుల్ అడుగున మొత్తాల వరస పెట్టి ఉంటే దాని కింద టైపు చేసినా లాభం లేదు. మొత్తాల వరసకు పైనున్న చివరి సెల్‌లో ట్యాబ్ నొక్కి కొత్త వరస తెచ్చుకోవాలి. నలుగురు వాడే ఫైలు కదా అని షీటుకు ప్రొటెక్షన్ పెడితే టేబుల్ పెరగడమే మానేస్తుంది. ఆఫీసుల్లో ఎక్కువగా ఎదురయ్యేది ఈ చివరిదే. ఫార్ములాలు చెడిపోకూడదని తాళం వేస్తారు, దానితో చార్టుకూ తాళం పడుతుంది. రీడింగులు వేసే షీటును తెరిచి ఉంచి, చార్టు ఉన్న షీటుకు మాత్రం రక్షణ పెట్టుకోవడం మేలు.

మూడు హెచ్చరిక గీతలు

ధవళేశ్వరం చార్టులో మట్టం ఒక్కటే ఉంటే సగం పనే అయినట్టు. 11.75, 13.75, 17.75 దగ్గర అడ్డగీతలు ఉంటేనే ఎక్కే గీత ఎంత దూరంలో ఉందో కంటికి తెలుస్తుంది. చాలామంది చార్టు మీద డ్రాయింగ్ సాధనంతో ఎర్రగీత గీసేస్తారు. నీరు పెరిగి నిలువు అక్షం కొలత మారగానే ఆ గీత తప్పు చోట నిలబడుతుంది. 13 అడుగుల దగ్గర గీసింది 15 దగ్గర కనిపించవచ్చు. కాబట్టి హెచ్చరికలను కూడా డేటాగానే పెట్టాలి. టేబుల్‌లో మరో మూడు కాలమ్‌లు చేర్చి, ఒక్కో కాలమ్‌లో ఒక్కో హెచ్చరిక మట్టం ఉంచి, వాటిని కూడా చార్టులో గీతలుగా చేర్చాలి.

ఇక్కడ ఒక చిన్న కిటుకు ఉంది. ఆ కాలమ్‌లో 11.75 అని మామూలుగా టైపు చేస్తే కొత్త వరస చేరినప్పుడు అది కిందికి రాదు, హెచ్చరిక గీత మధ్యలోనే తెగిపోతుంది. ముందు సమానం గుర్తు పెట్టి 11.75 అని రాస్తే ఎక్సెల్ దాన్ని ఫార్ములాగా చూస్తుంది. టేబుల్‌లో ఒక కాలమ్ అంతా ఒకే ఫార్ములా ఉంటే ప్రతి కొత్త వరసలోనూ అది దానంతట అదే నిండుతుంది. ఇంకా మంచిది, హెచ్చరిక మట్టాలను షీటు మూలన మూడు సెల్‌లలో ఒక్కసారి రాసుకుని, కాలమ్ ఫార్ములా ఆ సెల్‌లను చూసేలా చేయడం. అప్పుడు అదే షీటును భద్రాచలానికి వాడాలంటే మూడు అంకెలు మారిస్తే చాలు.

గంటల లెక్కలో వచ్చే చిక్కు

వరద రీడింగులు గంటగంటకూ వస్తాయి, ఎక్సెల్ లైన్ చార్టు దగ్గర ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. అడ్డ అక్షంలో తేదీలు కనిపించగానే ఎక్సెల్ దాన్ని తేదీల అక్షంగా మార్చేస్తుంది. ఆ అక్షానికి రోజు కంటే చిన్న కొలత లేదు. ఫలితంగా ఒకే రోజున తీసిన రీడింగులన్నీ ఒకే నిలువు గీత మీద పడతాయి. కొత్త రీడింగు చేరినా గీత ముందుకు సాగదు, పైకీ కిందికీ కొట్టుకుంటుంది. చార్టు అప్‌డేట్ కావడం లేదని అనిపిస్తుంది. నిజానికి అయింది, కాలం మాత్రం రోజుకి కుదించుకుపోయింది.

దీనికి మందు లైన్ చార్టు బదులు గీతతో కలిపిన స్కాటర్ చార్టు వాడటం. స్ప్రెడ్‌షీట్‌లో తేదీ ఒక పూర్ణసంఖ్య, సమయం దానికి భిన్నం. ఉదయం 6 గంటలంటే 0.25, మధ్యాహ్నం 12 అంటే 0.5. స్కాటర్ చార్టు ఈ భిన్నాలను ఉన్నవి ఉన్నట్టు కొలుస్తుంది కాబట్టి గంటల మధ్య దూరం సరిగా కనిపిస్తుంది. రాత్రి 2 గంటల రీడింగు దొరకకపోతే ఆ ఖాళీ కూడా ఎడంగా కనిపిస్తుంది. ప్రతి 6 గంటలకూ ఒక గుర్తు కావాలంటే అక్షం ప్రధాన కొలతగా 0.25 ఇవ్వాలి. గూగుల్ షీట్స్‌లో లైన్ చార్టే తేదీతో పాటు సమయాన్నీ లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి అక్కడ ఈ బాధ లేదు.

అక్షం విషయంలో మరో జాగ్రత్త. అందంగా ఉందని నిలువు అక్షం గరిష్ఠాన్ని 15 అని చేత్తో స్థిరం చేస్తే నీరు 16 అడుగులకు చేరినప్పుడు గీత చార్టు పైఅంచు దాటి కనిపించకుండా పోతుంది. సరిగ్గా చూడాల్సిన వేళ అది కళ్లకు అందదు. అడ్డ అక్షానికి ముగింపు తేదీ స్థిరం చేసినా ఇంతే. పెరిగే డేటా ఉన్న చార్టులో అక్షాల హద్దులను ఆటోమేటిక్‌గానే వదిలేయాలి. అలాగే గీతను వంపులు తిరిగేలా మెత్తగా చేసే స్మూత్ ఎంపికను వరద చార్టులో వాడకూడదు. రెండు రీడింగుల మధ్య వంపు ఆ రెండిటి కంటే పైకి లేచి, నది చేరని మట్టాన్ని చేరినట్టు చూపించగలదు.

పేరు పెట్టిన రేంజి

టేబుల్ రాకముందు నిపుణులు వాడిన పద్ధతి ఇది. టేబుల్ తీర్చలేని ఒక అవసరానికి ఇప్పటికీ ఇదే ఆధారం. సెల్ చిరునామా బదులు ఒక పేరును నిర్వచిస్తారు. ఆ పేరు వెనక ఉన్న ఫార్ములా చివరి వరస ఎక్కడుందో ప్రతిసారీ లెక్కగట్టి రేంజి ఇస్తుంది. ఆఫ్‌సెట్ అనే ఫంక్షన్ మొదటి సెల్ దగ్గర నిలబడి, కౌంట్‌ఎ ఫంక్షన్ ఎన్ని సెల్‌లు నిండాయని చెబితే అన్ని వరసల మేర సాగుతుంది. సమయానికొక పేరు, మట్టానికొక పేరు పెట్టి, సిరీస్ ఫార్ములాలో చిరునామాల బదులు ఆ పేర్లు రాయాలి. పేరు ముందు షీటు పేరో ఫైలు పేరో తప్పనిసరిగా ఉండాలి, లేకపోతే ఎక్సెల్ ఒప్పుకోదు.

ఇందులో లోపం కౌంట్‌ఎ దగ్గరే ఉంది. అది నిండిన సెల్‌లను లెక్కపెడుతుంది కానీ చివరిది ఎక్కడుందో చూడదు. మధ్యలో ఒక రీడింగు ఖాళీగా ఉంటే లెక్క ఒకటి తగ్గి, అన్నిటికంటే తాజాగా వచ్చిన రీడింగే చార్టు బయట మిగిలిపోతుంది. రెండు పేర్లనూ ఎప్పుడూ నిండి ఉండే సమయం కాలమ్ లెక్క మీదే కట్టుకుంటే ఈ ప్రమాదం తప్పుతుంది. ఆఫ్‌సెట్ షీటులో ఏ చిన్న మార్పు జరిగినా మళ్లీ లెక్కగడుతుంది కాబట్టి పెద్ద ఫైళ్లు మందగిస్తాయి. అదే పనిని ఇండెక్స్ ఫంక్షన్‌తో చేస్తే భారం తక్కువ.

ఈ పద్ధతి అసలు బలం చివరి కొన్ని గంటలే చూపించడంలో ఉంది. వరద వారం రోజులు సాగితే 150కి పైగా రీడింగులు పోగవుతాయి, కొత్తగా వచ్చిన కదలిక ఆ పొడవాటి గీత చివర ఇరుక్కుపోతుంది. ఫార్ములాను చివరి వరస నుంచి వెనక్కి 48 వరసలే తీసుకోమంటే చార్టు ఎప్పుడూ తాజా 48 రీడింగులనే చూపుతూ జరుగుతుంది. ఆ 48ని ఒక సెల్‌లో పెట్టి ఫార్ములా దాన్ని చదివేలా చేస్తే, 24 అని మార్చగానే చార్టు ఒక రోజుకు కుదించుకుంటుంది. మైక్రోసాఫ్ట్ 365లో వచ్చిన టేక్, ఫిల్టర్ ఫంక్షన్లు దీన్ని మరింత సులువు చేశాయి. టేక్‌కు టేబుల్ పేరు, మైనస్ 48 ఇస్తే చివరి 48 వరసలు వస్తాయి. వచ్చిన ఫలితానికి పేరు పెట్టి చార్టుకు ఇవ్వాలి.

గూగుల్ షీట్స్, కాల్క్

ఫోన్ మీదే రీడింగులు వేసేవారికి గూగుల్ షీట్స్ అనువు. ఇక్కడ అందరూ వాడే దారి చార్టు రేంజిని ముందే పొడుగ్గా, ఉదాహరణకు 1000వ వరస దాకా ఇవ్వడం. చివర ఖాళీగా ఉన్న వరసలను లైన్ చార్టు సాధారణంగా పట్టించుకోదు. అయితే హెచ్చరిక మట్టాలను 1000 వరసల్లోనూ ముందే నింపి పెట్టకూడదు. సమయం ఖాళీ అయితే ఖాళీ, లేకపోతే 11.75 అని ఇచ్చే ఫార్ములా రాసుకోవాలి. 2024 నుంచి ఇందులోనూ టేబుల్ సదుపాయం ఉంది.

గూగుల్ ఫారం జోడిస్తే పని ఇంకా తేలిక. ఫారం నింపిన ప్రతిసారీ ప్రతిస్పందనల షీటులో ఒక కొత్త వరస చేరుతుంది, దాంతోపాటు ఎప్పుడు నింపారో కూడా పడుతుంది. ఆ షీటులో ఇంకేమీ రాయకూడదు. వేరే షీటులో క్వెరీ ఫంక్షన్‌తో ఆ డేటాను సమయం వరుసలో తెచ్చుకుని, దాని మీద చార్టు గీయాలి. రీడింగు తీసిన సమయం వేరు, ఫారం నింపిన సమయం వేరు. సిగ్నల్ లేక గంట ఆలస్యంగా పంపిన రీడింగు తప్పు చోట పడకుండా ఉండాలంటే ఫారంలో రీడింగు సమయాన్ని విడిగా అడగాలి.

లిబ్రేఆఫీస్ కాల్క్‌లో ఎక్సెల్ టేబుల్ అంత సాఫీ దారి లేదు. పాతకాలపు ఉపాయం ఒకటి అక్కడ బాగా పనికొస్తుంది, నిజానికి అన్ని ప్రోగ్రాంలలోనూ పనిచేస్తుంది. రేంజి మధ్యలో వరస చొప్పిస్తే చిరునామా దానంతట అదే పెరుగుతుంది. కాబట్టి జాబితా అడుగున రంగు వేసిన ఒక ఖాళీ వరసను రేంజిలో కలిపి ఉంచి, కొత్త రీడింగును ఎప్పుడూ దాని పైనే చొప్పించాలి. అందరూ ఆ నియమం పాటించినంత కాలం చార్టు ఆగదు.

డేటాను కుదించి చూపే పివట్ టేబుల్ మీద గీసే పివట్ చార్టు విషయం వేరు. ఎక్సెల్‌లో పివట్ టేబుల్ తన సొంత నకలు పెట్టుకుంటుంది, సాధారణంగా రిఫ్రెష్ చెయ్యి అంటేనే కొత్త డేటా చూస్తుంది. ఫైలు తెరవగానే రిఫ్రెష్ అయ్యేలా పెట్టుకోవచ్చు. పవర్ క్వెరీతో బయటి నుంచి తెచ్చుకునే డేటాకు ఇన్ని నిమిషాలకోసారి అని చెప్పవచ్చు.

తేదీలు, ఖాళీలు, కొలమానాలు

ఏ పద్ధతి వాడినా చివరికి అది నిలిచేది రీడింగు వేసే చేతి మీదే. ఒకరు 16-07-2022 అని, మరొకరు 16.07.2022 అని రాస్తారు. చుక్కలతో రాసింది చాలా కంప్యూటర్లలో తేదీగా కాక అక్షరాలుగా మిగులుతుంది, స్కాటర్ చార్టు మొత్తం 1, 2, 3 అని లెక్కపెట్టడం మొదలుపెడుతుంది. ఒక్క వరస చాలు మొత్తం చార్టు చెడటానికి. షీటు అమెరికా పద్ధతిలో ఉంటే ఇంకా మోసం. 16-07 అక్షరాలుగా మిగులుతుంది, ఆగస్టు 7 అనుకుని వేసిన 07-08 మాత్రం జూలై 8 అయి కూర్చుంటుంది. నిజమైన తేదీ సెల్‌లో కుడివైపుకు, అక్షరాలు ఎడమవైపుకు ఒరుగుతాయి. కాలమ్‌ను ఒక్కసారి కిందికి చూస్తే తప్పు వరస పట్టుబడుతుంది. తేదీ కాలమ్‌కు డేటా వాలిడేషన్ పెట్టి తేదీ కానిది తీసుకోకుండా చేయడం దీనికి స్థిరమైన పరిష్కారం.

రీడింగు అందకపోతే సున్నా వేయకూడదు. గీత అడుగుకు పడిపోయి మళ్లీ లేస్తుంది, గోదావరి ఒక గంట ఎండిపోయినట్టు కనిపిస్తుంది. సెల్ ఖాళీగా వదిలేస్తే ఎక్సెల్ ఖాళీ సెల్‌ల సెట్టింగులో గీతను తెంచాలా, రెండు చివరలు కలపాలా అన్నది ఎంచుకోవచ్చు. వరదలో తెంచడమే నిజాయితీ. ఆ గంటలో ఏం జరిగిందో ఎవరూ చూడలేదు కదా. లెక్కల ద్వారా వచ్చే కాలమ్‌లో ఖాళీ కొటేషన్ గుర్తులు ఇస్తే మాత్రం కొన్ని చార్టులు దాన్ని సున్నాగా తీసుకుంటాయి. అక్కడ విలువ లేదని చెప్పే ఎన్‌ఎ ఫంక్షన్ వాడాలి.

మట్టం అడుగుల్లో, ప్రవాహం క్యూసెక్కుల్లో ఉన్నప్పుడు రెండిటినీ ఒకే అక్షం మీద పెడితే 12 అడుగుల గీత 10 లక్షల పక్కన నేల మీద పాకుతుంది. ప్రవాహాన్ని రెండో అక్షానికి మార్చాలి, లేదా లక్షల్లోకి మార్చి 10.2 అని రాసుకోవాలి. లక్షల్లో రాసుకుంటే చదవడమూ సులువే, ఊళ్లో అందరూ మాట్లాడుకునేదీ ఆ లెక్కలోనే. కేంద్ర జలసంఘం మట్టాలను మీటర్లలో ఇస్తుంది, మన పత్రికలు గేజి అడుగుల్లో రాస్తాయి. రెండిటినీ ఒకే కాలమ్‌లో కలిపి వేస్తే చార్టు దాన్ని పసిగట్టలేదు, నదిలో పెద్ద దూకుడులా చూపిస్తుంది. కొలమానం పేరు కాలమ్ శీర్షికలోనే ఉండాలి.

మడికి ధరలకు వేరే ఆకారం

జాతీయ రహదారి పక్కన మడికిలో ఉన్న కూరగాయల టోకు మార్కెట్ ఇదే మండలంలోనిది. అక్కడ రోజూ కొనేవారికీ, తోట నుంచి తెచ్చి అమ్మేవారికీ ధరల చార్టు ఉపయోగపడుతుంది కానీ దాని సమస్య గోదావరి గేజిది కాదు. గేజిలో పెరిగేవి వరసలు మాత్రమే. ధరల్లో వరసలతో పాటు సరుకులూ పెరుగుతాయి. మొదట వంకాయ, బెండకాయ, దొండకాయ ఉంటాయి, సీజను మారితే చిక్కుడు చేరుతుంది. సరుకుకో కాలమ్ పెట్టి టేబుల్ అంతటి మీద చార్టు గీస్తే పక్కన కొత్త కాలమ్ చేర్చినప్పుడు కొత్త గీత కూడా వస్తుంది. పేరు పెట్టిన రేంజి పద్ధతిలో మాత్రం అది రాదు, చేత్తో చేర్చాలి. సరుకులు పాతిక దాటితే ఈ ఆకారం అసలు పనికిరాదు.

అప్పుడు తేదీ, సరుకు, కిలో ధర అన్న మూడే కాలమ్‌లతో ఒక్కో ధరకు ఒక్కో వరస రాసుకుంటూ పోవడం మంచిది. కొత్త సరుకు వచ్చినా కొత్త కాలమ్ అక్కరలేదు. దాని మీద పివట్ చార్టు వేసి, సరుకుల పేర్లను బటన్లుగా చూపే స్లైసర్ పెట్టుకుంటే ఏ సరుకు నొక్కితే దాని గీత వస్తుంది. బస్తా ధర, కిలో ధర కలవకుండా రాసే ముందే కిలోకు మార్చుకోవాలి. కేంద్ర ప్రభుత్వ ఆగ్‌మార్క్‌నెట్‌లో రోజువారీ మార్కెట్ ధరలు క్వింటాలుకు రూపాయల్లో ఉంటాయి కాబట్టి వాటితో పోల్చాలన్నా ఈ మార్పు తప్పదు.

చార్టును నలుగురికీ పంపేటప్పుడు

షీటులో చార్టు ఎంత చక్కగా సాగినా వాట్సాప్‌లోకి వెళ్లేది దాని ఫొటో. ఫొటో సాగదు. ఉదయం 6 గంటల చార్టు మధ్యాహ్నం 3 గంటలకు ఇంకో గుంపులో కొత్తదానిలా తిరుగుతుంది. దీనికి చార్టు శీర్షికలోనే సమాధానం ఉంది. ఒక సెల్‌లో చివరి రీడింగు సమయాన్ని, మట్టాన్ని కలిపి ఒక వాక్యంగా ఇచ్చే ఫార్ములా రాయాలి. ఎక్సెల్‌లో చార్టు శీర్షికను నొక్కి, ఫార్ములా పట్టీలో సమానం గుర్తు పెట్టి ఆ సెల్‌ను చూపిస్తే శీర్షిక దానికి ముడిపడుతుంది. అప్పుడు ప్రతి రీడింగుతో శీర్షిక కూడా మారుతుంది. ఫొటో ఎక్కడికి పోయినా అది ఏ గంట దాకా చెబుతోందో పైనే ఉంటుంది.

ఫొటో బదులు లింకు పంపితే ఇంకా మంచిది. గూగుల్ షీట్స్‌లో చార్టును విడిగా ప్రచురించే సదుపాయం ఉంది. ఆ లింకు తెరిచినవారికి చార్టు మారుతూ కనిపిస్తుంది, అయితే కొన్ని నిమిషాలు ఆలస్యం ఉంటుంది. గూగుల్ డాక్స్‌లో అతికించిన చార్టు మాత్రం షీటుకు ముడిపడి ఉన్నా దానంతట అది మారదు, పైన కనిపించే అప్‌డేట్ బటన్ ఎవరో ఒకరు నొక్కాలి. పవర్‌పాయింట్‌లో చార్టును బొమ్మగా కాక లింకుగా అతికిస్తేనే ఎక్సెల్‌లోని మార్పు అక్కడికి వస్తుంది.

వరద సీజను ముగిశాక ఆ ఏటి టేబుల్‌ను అలాగే వేరే షీటుగా దాచుకుని, వచ్చే జూన్‌కు ఖాళీ నకలుతో మొదలుపెట్టాలి. పాత ఏడాది గీతను కొత్త చార్టులో వెనక పెట్టాలంటే రెండిటిలోనూ తేదీల బదులు మొదటి హెచ్చరిక దాటిన క్షణం నుంచి ఎన్ని గంటలైందన్న కాలమ్ అడ్డ అక్షంగా ఉండాలి. అప్పుడు ఈ ఏటి నీరు మొదటి హెచ్చరిక నుంచి రెండోదానికి నిరుటి కంటే ఎన్ని గంటల ముందు చేరిందో చార్టు మీదే కొలుచుకోవచ్చు.